మూడో షెడ్డులో వీడ్కోలు విందు

తెల్లారకముందే లేచి ఎనిమిది కిలోల బంగాళాదుంపలు ఉడకేశాడు వెండెలిన్. చేతులు కాలుతున్నా వేడి మీదే తొక్కలు ఒలిచి, చక్రాల్లా తరిగి, మాంసం ఉడికించిన నీళ్ళు పోసి, వెనిగర్ చల్లాడు. మీగడ గీగడ కలిపితే జర్మనీలోని ఆ నెకార్ నది ఒడ్డున ఎవరూ ముట్టరు మరి. గిన్నెలన్నీ కారు డిక్కీలో సర్దుకుని ఫ్యాక్టరీకి వచ్చాడు.

అక్కడి ఆనవాయితీ అది. పని వదిలి వెళ్ళే రోజున, వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళకి కడుపునిండా పెట్టి మరీ వెళ్ళాలి. పెట్టకుండా పోయినవాణ్ణి ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా "ఆ పిసినారోడు" అనే తలుచుకుంటారు.

క్యాంటీన్ వెనక గదిలో బల్లలు కలిపాడు. తన షెడ్డులోని నలభై ఇద్దరికీ పళ్ళేలు పెట్టాడు. తన పళ్ళెం తలుపుకి ఎదురుగా పెట్టుకున్నాడు, వచ్చేవాళ్ళు కనపడాలని.

ఒంటిగంటకి రమ్మని రాశాడు. ఒకటిన్నర అయింది. ఒక్క పురుగు రాలేదు.

క్యాంటీన్‌లో వడ్డించే రోస్విత వేడివేడి పంది మాంసం దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టి, ఖాళీ కుర్చీల వంక చూసింది.

"ఇంత వండావేంటయ్యా? ఎవరొస్తారనుకున్నావ్?"

"బోర్డు మీద కాగితం అంటించానుగా. చూడలేదేమో."

"చూశారు. ఎవడో పీకి ఉండ చేసి పడేశాడు కూడా."

వెండెలిన్ ఒక ఫోర్కు వంకరగా ఉంటే సరిచేశాడు.

"వాళ్ళ మీద కోపం పెట్టుకోకు," అంది రోస్విత కాస్త మెత్తబడి. "నీ ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడతారు చెప్పు? ముద్ద గొంతు దిగుతుందా?"

మూడో షెడ్డులో చేసేవి పిస్టన్లు. పెట్రోలు ఇంజనుకి అవే ప్రాణం. కరెంటు కారుకి వాటితో పనే లేదు. మొదట్లో అందరూ నవ్వారు. "చలికాలం వస్తే ఆ కార్లు మన గుట్ట కూడా ఎక్కలేవు, చూస్తూండండి" అన్నారు. గుట్టా ఎక్కాయి, వీళ్ళ నెత్తినా ఎక్కాయి. ఆర్డర్లు సగమయ్యాయి, ఆ సగంలో సగమయ్యాయి. పాత కార్లు ఇంకో పదిహేనేళ్ళు రోడ్ల మీద తిరుగుతాయి, వాటికి విడి భాగాలు కావాల్సిందే. కానీ దానికి షెడ్డెడు జనం ఎందుకు?

యాజమాన్యం, కార్మిక సంఘం కూర్చుని ఎవరిని తీసెయ్యాలో జాబితా వేశాయి. వయసుకి ఇన్ని పాయింట్లు, సర్వీసుకి ఇన్ని, పెళ్ళాం పిల్లలు ఉంటే ఇన్ని. ఎక్కువ పాయింట్లున్నవాళ్ళని ముట్టుకోవడం కష్టం. వెండెలిన్‌కి పిల్లల్లేరు. భార్య హెడ్విగ్ పోయి ఆరేళ్ళయింది. అతనికున్నదల్లా ఆ మొండి గ్రైండింగ్ మెషీను. అది ఎప్పుడు అలుగుతుందో, ఎక్కడ తడితే దారికొస్తుందో అతనొక్కడికే తెలుసు. దానికి పాయింట్లెవరిస్తారు?

ఉత్తరాలు అందరికీ ఒకేరోజు అందాయి. తన ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాడు. నమ్మకం కుదరక కూర్చుని మళ్ళీ చదివాడు. చెప్పుకుందామంటే ఇంట్లో మనిషి లేదు. మర్నాడు తొమ్మిదింటి విరామంలో బెంచీ మీద కూర్చుంటే పక్కకి ఎవరూ రాలేదు. నీకేమొచ్చిందని అడిగినవాడు లేడు. అందరికీ అప్పటికే తెలిసిపోయింది. అప్పట్నుంచి ఇవాళ్టి దాకా మూడు వారాలూ రొట్టె డబ్బా ఒక్కడే తెరిచాడు, ఒక్కడే మూశాడు.

మిగతావాళ్ళు రాకపోతే పోనీ. టర్కీ నుంచి వచ్చిన నెజ్దెత్ ఒక్కడొస్తే చాలు. ఇరవయ్యేళ్ళు పక్కపక్క మెషీన్ల మీద పనిచేశారు.

రెండింటికి ఐదు నిమిషాలుందనగా నెజ్దెత్ వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రారా, కూర్చో! నీకు చీజు రొట్టెలు విడిగా చేశాను. పంది మాంసం కోసిన కత్తి తగలనిస్తే ఒట్టు."

"ఆకలి లేదన్నా."

"నీకు ఆకలి లేకపోవడమేంట్రా! ఇరవయ్యేళ్ళుగా నా డబ్బాలో సగం మింగింది ఎవడు?"

నెజ్దెత్‌కి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"ఈ విందు పెట్టకుండా ఉండాల్సిందన్నా. అందరికీ ఎలాగో ఉంది."

"తినకుండా ఎలా విడిపోతాంరా? మన పద్ధతేనా అది?"

"పద్ధతి! ఇంకెక్కడి పద్ధతి."

"నా మీద కోపమా?"

"నీ మీదెందుకు? జాబితా నువ్వు రాశావా ఏంటి?" అన్నాడు నెజ్దెత్ నేల చూస్తూ.

"మరి ఒక్కటి తిను. నా ఎదురుగా."

నెజ్దెత్ గుమ్మంలోంచే చెయ్యి చాచి ఒక రొట్టె తీసుకున్నాడు. కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంటికెళ్ళి తింటా."

"అప్పుడప్పుడు ఫోన్ చెయ్యి."

"చేస్తాలే."

ఆ ఫోను రాదని ఇద్దరికీ తెలుసు.

సైరన్ మోగింది. బయట నడవాలో బూట్ల చప్పుడు తలుపు దాకా వచ్చింది, ఆగలేదు, దాటిపోయింది. కార్లు ఒక్కొక్కటే స్టార్టయ్యాయి. వెండెలిన్ నలభై ఇద్దరి పళ్ళేలూ పేర్చేశాడు. తన పళ్ళెంలో కాసిని దుంపలు వేసుకుని, చల్లారిపోయినవే, చివరిదాకా తిన్నాడు.

సోమవారం పొద్దున ఆరింటికి వెండెలిన్ ఎప్పటిలాగే గేటు దగ్గర కార్డు పెట్టి మూడో షెడ్డులోకి పనికి వెళ్ళాడు. పాత కార్ల విడి భాగాలకి ఆ మొండి మెషీను కావాలి, ఆ మెషీనుకి అతను కావాలి. ఆ నలభై ఇద్దరిలో ఒక్కరి కార్డుకీ ఆ గేటు ఇక తెరుచుకోదు.