నలభై నిమిషాల టికెట్టు

“నా గుమ్మం ముందే నిలబడి నా పొట్ట కొడతావా?”

టికెట్ల మేడమ్ అరుపుకు పక్క కొట్లవాళ్లు కూడా బయటికొచ్చారు.

మెట్ల మీదున్నాయన చేతిలోని కాగితాన్ని పక్కనే ఉన్న టికెట్టు కొన్నావిడకి తిరిగి ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టింది. “నాకీ టికెట్టు వద్దులెండి” అని వెళ్లిపోయింది.

ఈ వారంలో ఇలా వెనక్కొచ్చిన టికెట్టు ఇది నాలుగోది!

ఇరవై రెండేళ్లుగా విమానం టికెట్లు అమ్ముకుని బతుకుతోంది మేడమ్. ఫోన్లలో టికెట్లు దొరకడం మొదలయ్యాక జనం ముఖం చాటేశారు. ఒకాయనైతే ఆమె ఎదురు కుర్చీలోనే కూర్చుని, ఏ విమానం మంచిదో అరగంట అడిగి తెలుసుకుని, అక్కడే తన ఫోన్లో కొనుక్కున్నాడు. పైగా వెళ్తూ వెళ్తూ “థాంక్సండీ” ఒకటి!

అందుకే ఆఖరి ఆశగా కొట్లో ఈ టికెట్ల మెషిన్ పెట్టించింది. ఊరి పేరు నొక్కితే చాలు, అన్ని కంపెనీల విమానాలూ వెతికి, చవకైన దారి కలిపి, టికెట్టు చేతిలో పెడుతుంది. ఇది కూడా నడవకపోతే కొట్టు మూసుకోవడమే.

ఆ సంగతి మెట్ల మీదున్న ఈయనకు తెలుసు. మొదటిరోజు వచ్చి కూర్చుంటే టీ తెప్పించి, “అన్నయ్యా” అని పిలిచి మరీ తన కష్టమంతా చెప్పుకుంది. అంతా విని ఆయన ఒక్కమాటే అన్నాడు.

“మెషిన్ ఇచ్చే టికెట్లు ఒకసారి మీరు చూసి ఇవ్వండమ్మా.”

“చూసేదాన్ని నేనే అయితే ఇక మెషిన్ దేనికన్నయ్యా!” అని నవ్వేసింది.

మర్నాటి నుంచి ఆయన మెట్ల మీదే కాపు కాశాడు. బయటికొచ్చిన ప్రతివాళ్ల కాగితమూ అడిగి చూడటం, ఏదో చెప్పడం!

టీ తాగి, కష్టం విని, ఇంత ద్రోహమా! మేడమ్ మెట్ల దాకా వచ్చింది.

“ఏ కంపెనీ పంపింది నిన్ను?”

“ఎవరూ పంపలేదమ్మా. ఆవిడ టికెట్టులో రెండు విమానాల మధ్య నలభై నిమిషాలే ఉన్నాయి. రెండూ వేర్వేరు కంపెనీలవి. మొదటిది ఆలస్యమైతే రెండోది ఆగదు. వేరే విమానం ఎక్కించరు కూడా.”

“అంత పెద్ద మెషిన్‌కి తెలియంది నీకు తెలిసిందా?”

ఆయన తల దించుకున్నాడు. “తెలుసమ్మా.”

“ఎలా?”

ఆయన కొట్లోని మెషిన్ వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

“నోరు పెగల్లేదేం? దొరికిపోయావుగా! నిన్ను అన్నయ్యా అని పిలిచినందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి. మళ్లీ ఈ మెట్లెక్కావంటే పోలీసుల్ని పిలుస్తా. పో!”

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

“ఈ రోజుల్లో ఎవర్ని నమ్ముతామమ్మా!” అన్నాడు పక్క మందుల షాపాయన.

ఆ సాయంత్రమే దర్జీ బాబాయి వచ్చాడు. ఫోన్లో కొనుక్కోమని కొడుకు ఎంత పోరినా వినని మనిషి. ఆరు నెలలు ఎదురుచూస్తే దూరపు ఊళ్లోని పెద్దాసుపత్రిలో కంటి ఆపరేషన్‌కి తేదీ దొరికింది.

“నువ్విస్తేనే నాకు ధైర్యం తల్లీ” అన్నాడు.

మేడమ్ సంబరంగా మెషిన్ నొక్కింది. వచ్చిన కాగితాన్ని చూడనైనా చూడకుండా మడిచి ఆయన జేబులో పెట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“మొదటి విమానం గంట లేటు తల్లీ. రెండోది వెళ్లిపోయింది. నా తేదీ ఇంకెవరికో ఇచ్చేశారు. మళ్లీ ఆరు నెలలట.” అన్నాడు బాబాయి. “మావాడు వద్దన్నా నిన్నే నమ్మాను కదమ్మా!”

మేడమ్ కోపంగా మెషిన్ కంపెనీకి ఫోన్ చేసింది.

“నిలువునా ముంచారు కదా! మధ్యలో ఎంత టైముండాలో కూడా చూసుకోదా మీ మెషిన్?”

అవతలి అమ్మాయి గొంతు తగ్గించింది. “ఆ లోపం ముందే తెలుసు మేడమ్. సరిచేసేదాకా మెషిన్లు అమ్మొద్దని ఒకాయన పెద్ద గొడవ చేశారు. ఆయన్నే ఉద్యోగంలోంచి తీసేశారు. ఇప్పుడు మెషిన్లున్న కొట్ల ముందు నిలబడి జనాన్ని ఆపుతున్నారట. మీ దగ్గరికొస్తే రానివ్వొద్దని మావాళ్లు చెప్పమన్నారు.”

మేడమ్ ఖాళీగా ఉన్న మెట్ల వైపు చూసింది.

“ఎవరమ్మా ఆయన?” అంది.

“మీ కొట్లో ఉన్న మెషిన్‌ని తయారుచేసిందే ఆయన మేడమ్.”