కెహిందే ఫోటో

తాయివో అక్కా,

నీ మోకాళ్ళెలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? మనవరాలికి జ్వరం మళ్ళీ రాలేదు కదా? నీ జవాబు వచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

నువ్వు పెద్దది చేయించి పంపిన ఫోటో అందింది. పోయిన నీ కవల కెహిందే కోసం, బతికిన నిన్నే స్టూడియోలో రెండుసార్లు తీసి పక్కపక్కన అచ్చు వేయించారని కదా మనం విన్నది. నీకు రెండు బొమ్మలు, మీ వెనక పుట్టిన నాకు ఒక్కటీ లేదు. ఆ కడుపుమంట ఇప్పటికీ ఆరలేదు.

అమ్మ రోజూ కుడివైపు పిల్లని కెహిందే అనుకుని ముద్దు పెట్టుకునేది. దాని ముందు అలసంద గారెలు పెట్టేది. నేను చెయ్యి చాస్తే, "జరగవే ఇడోవూ, ముందు మీ అక్కని తిననీ! బొమ్మతో కూడా పోటీయేనా నీకు?" అనేది.

నిన్న కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. కుడివైపు పిల్ల పాదం మీద కాలిన మచ్చ ఉంది. వేడి పామాయిల్ ఒలికి నాకైన మచ్చే అది. నువ్వు రెండోసారి కూర్చోనని మొండికేసి ఉంటావు, నాన్న నీ గౌను నాకు తొడిగి ఉంటాడు.

అయితే అక్కా, ఆ ముద్దులన్నీ నా మొహానికేనా? అమ్మకి తెలుసంటావా?

గారెలు వండి ఉంచు. ఈసారి ముందు నాకే పెట్టాలి. వచ్చే నెల ఆరో తేదీ, ఆదివారం వస్తున్నాను.

ఇడోవు