ఒకవైపే చూసే పరీక్ష

"నీ లెక్కలో పాయింట్ తొంభై ఎనిమిది వస్తే ఇంత నిశ్చింతగా టీ ఎలా తాగుతున్నావు తమ్ముడూ?"

కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగింది లెక్కలక్క. ఆస్పత్రిలో పరిశోధన ఎవరు చేసినా లెక్కలు తేల్చేది ఆవిడే గనక అందరికీ ఆ పేరే అలవాటైపోయింది.

సైకాలజిస్టు నవ్వేశాడు. "ఏం చెయ్యమంటావక్కా? ఆ అంకె పాయింట్ సున్నా అయిదు కంటే తక్కువొస్తే నా రికార్డింగు పనిచేసినట్టు. రాలేదు. పనిచెయ్యలేదు. పోనీ, అదేమైనా మందా, వికటించడానికి?"

ఆపరేషన్‌కి ముందు పిల్లల భయం తగ్గించాలని తన గొంతుతోనే చేసిన రికార్డింగు అది. కొందరు పిల్లలకి వినిపించాడు, కొందరికి వినిపించలేదు. తర్వాత అందరికీ బొమ్మ ముఖాలు చూపించి, నీ భయం ఇందులో ఏ ముఖమంత ఉందని అడిగాడు.

"వాళ్ళ జవాబులు లెక్కగట్టడానికి ఏ పరీక్ష పెట్టావు?"

"ఒకవైపుది. విన్నవాళ్ళకి భయం తగ్గిందా అని."

"పెరిగిందా అని అడగలేదా?"

"ఊరడించే మాటలకి భయం ఎందుకు పెరుగుతుందక్కా?"

"గుమ్మంలో నిలబడి, ఎడమవైపే చూసి, వీధిలో బండేదీ రావడంలేదంటున్నావు." ఆవిడ టకటకా మీటలు నొక్కింది. "ఒకవైపు పరీక్షలో అంకె ఇలా ఒకటికి ఆనుకుని వచ్చిందంటే తేడా రెండోవైపు ఉందని. ఇదిగో, రెండువైపులా చూస్తే పాయింట్ సున్నా నాలుగు. నీ రికార్డింగుకి మంచీ చెడూ ఏ ప్రభావమూ లేకపోతే, ఇంత తేడా ఊరికే రావడం నూటికి నాలుగుసార్లే."

"అంటే?"

"విన్న పిల్లలే ఎక్కువ భయపడ్డారు. ఫలితం చూశాక పరీక్ష మార్చాం గనక దీన్ని రుజువని పేపర్లో రాసుకోకు. కానీ ఇంకో పిల్ల చెవిలో పెట్టేముందు మాత్రం ఆలోచించు."

కప్పు బల్ల మీద పెట్టబోయాడు. సగం టీ కాగితాల మీద ఒలికింది.

"మా పాపకి ఇవాళే టాన్సిల్స్ ఆపరేషన్ అక్కా. పోయేదేముందని ఇందాక నేనే ఆ రికార్డింగు పెట్టి చెవులకి తగిలించి వచ్చాను."

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లు రెండేసి చొప్పున దిగాడు. ఏ మాట? ఏ మాట పిల్లల్ని భయపెట్టింది? సూది చీమ కుట్టినట్టే ఉంటుందన్నాడు, అదా? నిద్రపోయి లేచేసరికి అంతా అయిపోతుందన్నాడు, అదా? రాసినప్పుడు మెత్తగా ఉన్న ప్రతి మాటకీ ఇప్పుడు పళ్ళు మొలిచాయి. భయపడకు అన్నప్పుడల్లా భయం పేరు తనే తలుచుకున్నాడు. పిల్లల గుండెల్లోకి చెయ్యి పెట్టి, అక్కడ లేనిదాన్ని వెతికి లేపాడు.

వార్డు తలుపు దగ్గర భార్య ఎదురైంది.

"ఏంటండీ ఆ రొప్పు? మీకేమైంది?"

"పాప ఏడ్చిందా?"

"ఏడుపా? అసలు కదిలితే కదా. కొయ్యబొమ్మలా పడుకుంది. పిలిచినా పలకడం లేదు."

భయపడ్డ పిల్లలు ఏడుస్తారు. మరీ భయపడ్డవాళ్ళు ఏడవరు, బిగుసుకుపోతారు. ఈ సంగతి తరగతిలో ఎందరికో పాఠంగా చెప్పాడు.

పాప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు పైకప్పు మీద నిలిచిపోయాయి. హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతోనూ చెవులకి అదిమిపెట్టుకుంది. నర్సు ఏదో అనబోయి, అతని ముఖం చూసి పక్కకి తప్పుకుంది. అతను గబుక్కున ఆ హెడ్‌ఫోన్ లాగేశాడు.

"అయిపోయింది తల్లీ. ఇంక వినక్కర్లేదు. చాలా భయమేసిందా?"

పాప మొహం చిట్లించింది.

"నాకెందుకు భయం? అందులో నువ్వే హడలిపోతున్నావు నాన్నా," అంటూ హెడ్‌ఫోన్ కోసం చెయ్యి చాపింది. "పాపం, ఒక్కడివే ఉంటావని మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటున్నా."