వందేళ్ళ దుమ్ము

“నా సీసాల మీద దుమ్మేదే?”

పళ్ళ డాక్టరు పై గదిలోంచి పెట్టిన కేకకి, కింద ఆస్పత్రి కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి ఠక్కున నోరు మూసేసుకున్నాడు.

“కడిగేశానండీ,” అంది భార్య, తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ. “పెద్దమనిషి చూడ్డానికొస్తున్నాడన్నారుగా. సబ్బు పెట్టి తోమాను. చూడండి, ఎలా మెరిసిపోతున్నాయో!”

డాక్టరు గోడకి జారగిలబడిపోయాడు. అవేమన్నా మామూలు సీసాలా! తాతల నాటి పోర్ట్ వైన్. వేలంపాటల్లో ఏరి ఏరి తెచ్చి, తను తాగక, ఇంకొకరిని తాగనివ్వక, పసిపిల్లల్లా పక్క మీద పడుకోబెట్టి చూసుకుంటున్నాడు. అలాంటి సీసాకి ఒంటి నిండా దుమ్మే నగలు మరి.

“దుమ్ము చూసే వాటి వయసు కడతారే! సాయంత్రం వచ్చేది భూతద్దంగారు. పాత సీసాల సంఘం అధ్యక్షుడు. ఆయన తలూపితేనే నాకు సంఘంలో చోటు. ఇవి చూశాడంటే, నిన్న బజార్లో కొన్నావా అని వెళ్ళిపోతాడు.”

“లోపల సరుకు ఎక్కడికీ పోలేదుగా! స్నానం చేయించినంత మాత్రాన ముసలాళ్ళు కుర్రాళ్ళయిపోతారా?”

“మరి ఆ తెల్ల మచ్చలేవీ? సీసా ఏ వైపు పైకి ఉండాలో చెప్పే గుర్తులే అవి! అటూ ఇటూ దొర్లిస్తే అడుగున మడ్డి కదిలిపోతుంది.”

“గోడ రంగు చిందిందేమో అనుకుని గోటితో గీకేశానండీ...”

డాక్టరు మొహం అప్పుడే పన్ను పీకించుకున్నవాడి మొహంలా అయిపోయింది. ఆవిడకి జాలేసింది.

“ఊరుకోండి. దుమ్మేగా కావాలి? మనింట్లో దానికేం కరువు!”

వాక్యూం క్లీనర్ సంచీ విప్పింది. అరచేతికి ఇంత నూనె రాసుకుని సీసాల వీపులు నిమిరింది. టీ వడపోసే జల్లెడతో దుమ్ము సన్నగా, మంచు రాలినట్టు చల్లింది. డాక్టరు కిందికి పరుగెత్తి, కుర్చీలో మనిషిని ఇంకాస్సేపు ఓర్చుకోమని బతిమాలి, పళ్ళలో నింపే సిమెంటు పట్టుకొచ్చి తెల్ల మచ్చలు దిద్దాడు. మొగుడూ పెళ్ళాం కలిసి అంత శ్రద్ధగా ఓ పని చెయ్యడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

సాయంత్రం భూతద్దంగారు రానే వచ్చాడు. అద్దం కంటికానించి సీసా సీసానీ చూశాడు. మచ్చని గోటితో గీకాడు. అది చెక్కు చెదరలేదు.

“గట్టిగానే ఉందే,” అని తన దవడ ఒకసారి తడుముకున్నాడు. కిందటి ఏడాది ఆ దవడ పన్ను పూడ్చింది ఈ డాక్టరే.

తర్వాత దుమ్ములోంచి ఒక ఆకుపచ్చ ఉన్ని పోగు పైకి తీశాడు. వెలుతురులో పెట్టి చూశాడు. గుమ్మం దగ్గర కూర్చుని స్వెట్టరు అల్లుతున్న ఇల్లాలి వైపు చూశాడు. ఆకుపచ్చ స్వెట్టరు. ఆవిడ చేతిలో సూదులు ఆగిపోయాయి.

“ఆ... ఆ కాలంలో సీసాలకి ఉన్ని గుడ్డలు చుట్టేవారటండీ,” అన్నాడు డాక్టరు.

భూతద్దంగారు ఆ పోగుని మళ్ళీ దుమ్ములోనే పెట్టేశాడు. చివరికి తలూపాడు. “దుమ్ము అమోఘం. రేపట్నించి మీరు మావాళ్ళు.”

డాక్టరు ఆనందం పట్టలేక టీ తెస్తానంటూ తనే వంటింట్లోకి పరుగెత్తాడు. ఆయన అటు వెళ్ళగానే భూతద్దంగారు గభాలున ఇల్లాలి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు.

“చెల్లెమ్మా, ఆ దుమ్ము ఇంకాస్త ఉంటే పొట్లం కట్టి ఇస్తావా? పొద్దున మా ఆవిడ నా సీసాలన్నీ కడిగేసింది.”