ఉత్తుత్తి బిరడాలు

వయొలిన్లు తమ శ్రుతి తామే సరిచేసుకోవడం మొదలై చాలా ఏళ్లయింది. అయినా విశాఖ నగర వాద్యబృందం కచేరీకి ముందు తీగలు బిగిస్తున్నట్టు కాసేపు వయొలిన్ల బిరడాలు తిప్పేది. ఆ తంతు జనానికి ఇష్టం మరి. నిజానికి ఆ బిరడాలకు తీగలు చుట్టి ఉండవు.

ఆ సాయంత్రం మొదటి వయొలిన్ మృణాళినికి ముళ్ల మీద కూర్చున్నట్టుంది. ఆమె దగ్గర ఆదివారం క్లాసులో నేర్చుకున్న పళ్ల డాక్టరు ఇందుమతి, నిజంగానే బిరడాలకు తీగలు చుట్టిన తాతగారి పాత వయొలిన్‌తో తొలిసారి వేదికెక్కింది. అందరి నటనా ముగిసింది. ఇందుమతి మాత్రం ఇంకా తిప్పుతూనే ఉంది. తీగ కీచుమంటోంది. హాల్లో దగ్గులు మొదలయ్యాయి.

"ఇక చాలండి డాక్టర్‌గారూ, జనం చూస్తున్నారు," అంది మృణాళిని గొంతు తగ్గించి.

"ఇంకా కలవలేదు టీచర్‌గారూ. కలిసేదాకా వదలొద్దని మీరే కదండీ చెప్పారు! మీకు వినబడట్లేదా?"

మృణాళిని చెవి రిక్కించింది. తీగ ఎక్కువైందో తక్కువైందో ఆమెకు అంతుపట్టలేదు.

ఉన్నట్టుండి దగ్గులు ఆగిపోయాయి. మరుక్షణం హాలంతా చప్పట్లు. ఆ కీచుమనే చప్పుడుతోనే కచేరీ మొదలైందనుకున్నారు జనం.

మృణాళిని చెయ్యి తనకు తెలియకుండానే తన వయొలిన్ బిరడా మీదికి వెళ్లి గట్టిగా తిప్పింది. అది పట్టు లేకుండా గిర్రున తిరుగుతూనే ఉంది.