రేకుల మోత

"ఇందులో మీరనే గొంతు లేదమ్మా. ఇంగ్లండు వాళ్ళ పాటలివి. పాటలని వాళ్ళంటున్నారు గానీ, నా చెవికి రేకుల షెడ్డు కూలినట్టుంది" అంటూ దొరబాబు క్యాసెట్టు బయటికి తీశాడు.

కృపావతి చెయ్యి చాపలేదు.

"ఉందండి. ఇంకోసారి చూడండి."

అమలాపురం గడియారస్తంభం దగ్గర పాటలు క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చే కొట్టు అది. పెళ్ళిపాటలనీ, క్రిస్మస్ పాటలనీ, హరికథలనీ దొరబాబు దగ్గరికి రానివాళ్ళు లేరు. మోతలోంచి మొగుడి గొంతు వెతికి ఇమ్మని అల్లవరం నుంచి బస్సెక్కి వచ్చింది మాత్రం ఈవిడొక్కతే. దొరబాబు మళ్ళీ అట్ట తిప్పి చూశాడు. అట్టమీద నల్లటి పొగగొట్టం, దాని కింద నలుగురు బక్క కుర్రాళ్ళు. ఒకడి చేతిలో గిటారు ఉంది. మిగతా ముగ్గురి చేతుల్లో సుత్తి, రంపం, ఇనప గొలుసు.

"వీళ్ళకి వాయిద్యాలు కొనిచ్చే దిక్కు లేదేమో పాపం" అని నవ్వాడు. కృపావతి క్యాసెట్టుకేసే చూస్తోంది.

"గొంతుందని ఎవరు చెప్పేరమ్మా?"

"మా ఆయనేనండి."

"అయితే ఓ ఉత్తరం ముక్క రాసి ఆయన్నే అడగండి మరి."

"పోయారండి. నెల దాటింది. దుబాయిలో ఓడలు బాగుచేసే చోట పనండి. పైనుంచి ఇనప దూలం పడింది."

దొరబాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రెండ్రోజులు ఆస్పత్రిలో ఉన్నారంట. కూడా పనిచేసే నూకరాజు గారితో అన్నారంటండి, పాప పేరు క్యాసెట్లో చెప్పేను, అదే పెట్టమను అని. ఆ పేరేంటో నూకరాజు గారికి చెప్పలేదు. నేను ఈపాటికి వినేసుంటానని అనుకున్నారు. నాలుగో నెలండి పాపకి. ఆయన కళ్ళతో చూడను కూడా లేదు. ఆదివారం బాప్తీస్మం. పేరు రాసి పంపమని పాస్టరు గారు రెండుసార్లు కబురు పెట్టేరు."

"ఈ క్యాసెట్లోనేనా అన్నది?"

"ఆయ్. ఆఖర్న వచ్చింది ఇదే."

గల్ఫుకి మనిషిని పంపిన ఇళ్ళల్లో అదొక అలవాటు. ఉత్తరాలు రాసే తీరిక ఉండదు. ఒకే క్యాసెట్టు అటూ ఇటూ తిరుగుతుంది. అక్కణ్ణుంచి వచ్చిన మాటలు విన్నాక, వాటిమీదే ఇక్కడి మాటలు ఎక్కించి తిప్పి పంపుతారు. ఇస్సాకు, కృపావతి మూడేళ్ళు కాపురం చేసింది చాలావరకు అలాగే.

"ఇది వచ్చినప్పుడు కాసేపు విన్నానండి. అటు తిప్పీ విన్నాను. అంతా మోతే. ఒళ్ళు మండింది. ఎవరో దొరగారి క్యాసెట్టేమో, పాటలు చెరిపితే ఈయనకి మాటొస్తాదని భయం. రెండోవైపు ఆఖర్న చప్పుడు ఆగిపోయే చోటు చూసి, అక్కణ్ణుంచి నా మాటలు ఎక్కించి తిప్పి పంపేను. అది వెళ్ళేసరికి ఆయన లేరు. నూకరాజు గారు ఆయన సామాన్ల పెట్టెలో పెట్టి తెచ్చేరు."

దొరబాబు క్యాసెట్టుని వెలుతురుకి పెట్టి చూశాడు. పైన మూలల్లో ఉండే రెండు బెజ్జాలమీదా కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి.

"కొన్న పాటల క్యాసెట్లకి ఇవి తెరిచే ఉంటాయమ్మా, ఎవరూ మీద ఎక్కించకుండా. ఈ కాగితం మీరంటించేరా?"

"లేదండి. నాకొచ్చేసరికే ఉంది."

"అయితే ఆయన ఎక్కించినట్టే. కూర్చోండి, మొదట్నుంచీ విందాం."

కృపావతికి ప్రాణం లేచి వచ్చింది. స్టూలు దగ్గరికి లాక్కుంది.

మొదట పెద్ద సుత్తి. దాని వెనక రంపం. ఎవరో నూతిలో పడ్డవాడు కేకేసినట్టు ఒక గొంతు అరుస్తోంది. పెద్ద స్పీకర్లలోంచి ఆ మోత వచ్చి గుండెలకి తగులుతుంటే, రోజల్లా ఈయన ఇలాంటి చోటే నిలబడేవారు కాబోలు అనుకుంది. సెలవుకొచ్చినప్పుడల్లా "ఊరంతా వినాలా, మెల్లిగా మాట్లాడండి" అని కసిరేది.

ఒకవైపు అయిపోయింది. రెండోవైపూ అయిపోవచ్చింది. ఇస్సాకు గొంతు లేదు. సుత్తి ఆగింది. కృపావతి చెయ్యి బొత్తాం మీదికి పోయింది.

"ఇంక నాదేనండి. ఇంట్లో కూడా ఇక్కడే ఆపేస్తాను. వినలేను."

"మీరు బయట కూర్చోండమ్మా. నేను వింటాను."

ఆవిడ కదల్లేదు. ఆవిడ గొంతే ఆవిడ మీద విరుచుకు పడింది.

"ఏమండీ, పాపకి ఓ పేరు చెప్పమని మూడుసార్లు అడిగేను. పేరు చెప్పకపోగా ఈ రేకుల మోత పంపుతారా? కన్నకూతురికి ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

అలా పది నిమిషాలు. మీ అమ్మగారు దానమ్మ అని పెట్టమంటన్నారంది. మాటల్లేని క్యాసెట్టు ఇంకెప్పుడూ పంపొద్దంది. ఇక్కడ కృపావతి పమిట నోట్లో కుక్కుకుని వింటోంది. "ఇంక మీ ఇష్టం" అన్నాక టక్కుమని బొత్తాం చప్పుడు.

దొరబాబు ఆపబోయాడు. ఈలోగా స్పీకర్లోంచి ఇస్సాకు గొంతు వచ్చింది, సగం మాటలోంచి, గట్టిగా.

"...అందుకని ఆ పేరే పెట్టు కృపా. మా అమ్మ ఇంకోటి చెప్పినా మార్చకు. ఉంటాను మరి."