రాయబారి బొమ్మ

రాయబారులు పరదేశాలకు వెళ్లడం మానేశారని గంగామణికీ తెలుసు. వాళ్లు ఢిల్లీలో కూర్చుని మాట్లాడితే, అక్కడ వాళ్ల మరబొమ్మలు పెదవులు కదుపుతాయి. బొమ్మ ఖరీదైన సరుకు కనుక దాని కాపలాకు మాత్రం ప్రైవేటు కంపెనీలు మనుషుల్నే పంపుతాయి. అలా జగిత్యాల నుంచి వెళ్లిన ఆమె భర్త భూమేష్, బాంబు దాడిలో బొమ్మకు అడ్డంపడి ప్రాణం వదిలాడు.

శంషాబాద్‌లో బొమ్మ విమానం మెట్లు దిగి వచ్చింది. వాన పడుతోందని అధికారులు దానికి గొడుగు పట్టారు. సామాన్లతో దించిన శవపేటిక తడుస్తుంటే గంగామణి కొంగు కప్పింది.

బొమ్మ చేతులు జోడించి, రాయబారి గొంతుతో అంది: "మీ ఆయన నా ప్రాణం కాపాడాడమ్మా."

"మీరు ఆడ లేనే లేరు గద సారూ," అంది గంగామణి. "మరి మా ఆయన ఎవల పానం కాపాడిండు?"

ఢిల్లీలో ఎవరో మీట నొక్కారు. బొమ్మ జోడించిన చేతులతోనే ఆగిపోయింది. గొడుగు మాత్రం దాని మీదే ఉంది.